రెండో పేరు



వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలకి జీవరసాయన శాస్త్రం చెప్పినన్నాళ్ళూ, నాకు బాగా ఇష్టమైన ప్రాక్టికల్ ఒకటుండేది. రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలవడం. రక్తపు సీరంలో ఆమ్లం వేసి మాంసకృత్తుల్ని విరగ్గొట్టి వడకడతాం. తేటగా దిగిన ద్రవంలో మాలిబ్డేట్ పోస్తాం. ఆ తరువాత మేమంతా పొట్టిగా 'ఆన్సా' అని పిలుచుకునే ఇంకో ద్రావణం కొద్దిగా కలుపుతాం. అంతవరకూ నీళ్ళలా ఉన్న పరీక్ష నాళికలో నీలం రంగు పుట్టుకొస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఏటా చూసేదాన్నే అయినా, ఆ రంగు వచ్చే క్షణం కోసం నేనూ పిల్లల పక్కన నిలబడేదాన్ని.

ఒక ఏడాది ఒకబ్బాయి రికార్డు పుస్తకంలో పద్ధతి పేరు చదివి అడిగాడు. "మేడమ్, ఈ ఫిస్క్ అమెరికా ఆయనని పుస్తకంలో ఉందండీ. మరి ఈ సబ్బరో ఏ దేశమాయనండీ?"

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను.

"ఇటలీ అనుకున్నానండీ" అన్నాడు.

ఆ అబ్బాయిది పాలకొల్లు. ఆ 'సబ్బరో' పుట్టిన భీమవరం పాలకొల్లుకి బస్సెక్కితే గంట దూరం. "సబ్బరో కాదు నాన్నా, సుబ్బారావు గారు. యల్లాప్రగడ సుబ్బారావు. మీ పక్క ఊరే" అన్నాను. క్లాసంతా ఒక్కసారి తలలెత్తి చూసింది. ఆ అబ్బాయి మళ్ళీ తన నాళిక వైపు చూసుకున్నాడు, అందులోని నీలం ఇప్పుడు మరోలా ఉన్నట్టు.

ఈ రోజు ఆ నీలం రంగు గురించి, దానితోపాటు సైటేషన్ అనే లెక్క గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

సైటేషన్ అంటే ఏమిటో ముందు చెబుతాను. ఒక శాస్త్రవేత్త తన పని గురించి వ్యాసం రాసేటప్పుడు, అంతకుముందు ఎవరు చేసిన పని తనకి ఆధారమైందో చివర్లో వరసగా రాస్తాడు. ఫలానావారు, ఫలానా పత్రిక, ఫలానా సంవత్సరం, ఫలానా పేజీ అని. అలా ఒక వ్యాసాన్ని ఇంకొకరు ప్రస్తావిస్తే ఆ వ్యాసానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. ఒకరి వ్యాసాలన్నిటికీ ఎన్ని వచ్చాయో కూడితే ఆయన ప్రభావం ఇంత అని ఇవాళ లెక్క కడుతున్నారు. ఉద్యోగాలు, పదోన్నతులు, పరిశోధనకిచ్చే నిధులు, విశ్వవిద్యాలయాల ర్యాంకులు, అన్నీ ఆ లెక్క చుట్టూ తిరుగుతున్నాయి. ఏటా ఒక రోజు మన దినపత్రికల జిల్లా పేజీల్లో వార్త వస్తుంది, ప్రపంచంలోని మేటి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో మన ఊరి ప్రొఫెసర్ ఉన్నారని. నాకూ సంతోషంగానే ఉంటుంది. అయితే వార్తంతా చదివాక కూడా ఆయన ఏం కనిపెట్టారో తెలియదు. ర్యాంకు ఉంటుంది, ఫొటో ఉంటుంది, చేసిన పని ఉండదు. అది చూసినప్పుడల్లా నాకు సుబ్బారావు గారు గుర్తొస్తారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది గిట్టని తెల్లదొర ఆచార్యుడి పుణ్యమా అని, రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ కాకుండా దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా ఇచ్చారు. ఈలోగా ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో, రక్తం లేక మనిషి చిక్కిపోయి చనిపోయే జబ్బు. 1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధుల వైద్యం చదువుతూ, పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిళ్ళు పనివాడిగా చేశారు. తరువాత అక్కడి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆయన దగ్గర పరిశోధన విద్యార్థిగా కుదిరారు.

అప్పటికే ఫాస్ఫరస్ కొలవడానికి పద్ధతులున్నాయి. బెల్, డోయిజీ అనే ఇద్దరు 1920లో ఒకటి చెప్పారు, బ్రిగ్స్ అనే ఆయన 1922లో దాన్ని కొంత సరిచేశారు. ఆ పద్ధతుల్లో రంగు నిలిచేది కాదు, లేదంటే నింపాదిగా వచ్చేది. నమూనాలో వేరే పదార్థాలుంటే తప్పుదారి పట్టించేది. ఫిస్క్, సుబ్బారావు చేసింది వినడానికి చిన్న మార్పు. ఫాస్ఫేటు, మాలిబ్డేటు కలిసి తయారైన పదార్థాన్ని నీలంగా మార్చడానికి వేరే కారకాన్ని ఎంచుకున్నారు. ఇందాక చెప్పిన ఆన్సా అదే. నీలం నిమిషాల్లో వస్తుంది, నిలకడగా ఉంటుంది. మచ్చుకి తెలిసిన మోతాదులో ఫాస్ఫేటు ఉన్న ద్రావణం ఒకటి పక్కన పెట్టుకుని, రెండు నీలాల్ని పోల్చి చూస్తే లెక్క తేలిపోతుంది. ఖరీదైన సరంజామా అక్కర్లేదు. 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటి 375వ పేజీలో ఇది అచ్చయింది. రచయితలు ఇద్దరు. ఫిస్క్ ముందు, సుబ్బారావు వెనక.

జీవరసాయన శాస్త్రంలో ఎక్కువమంది ప్రస్తావించిన వ్యాసాల్లో ఇదొకటి. అలాంటి పట్టీల్లో ముందు వరసల్లో కనబడుతూ వచ్చింది. ఎందుకంటే ఫాస్ఫరస్ లేని జీవపదార్థం లేదు. ఎముకల్లో ఉంది, కణం చుట్టూ ఉన్న పొరలో ఉంది, డీఎన్ఏలో ఉంది, కండర శక్తిలో ఉంది. వీటిలో దేనిమీద పనిచేసేవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు ఫాస్ఫరస్ కొలవక తప్పదు. కొలిచాక 'ఫిస్క్, సుబ్బారావుల పద్ధతిలో కొలిచాం' అని రాయకా తప్పదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సైన్సు చరిత్రలో అందరికంటే ఎక్కువసార్లు ప్రస్తావించిన వ్యాసం ఏదని అడిగితే, ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతమనో, డీఎన్ఏ మెలిక నిచ్చెన అనో అనుకుంటాం. కాదు. 1951లో ఆలివర్ లౌరీ, మరి ముగ్గురు కలిసి రాసిన, మాంసకృత్తుల్ని కొలిచే పద్ధతి. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నట్టు 2014లో నేచర్ పత్రిక వేసిన పట్టీలో చూశాను. ఆ పట్టీలో దాని వెనక ఉన్న రెండూ కూడా ప్రయోగశాల పద్ధతులే. కాబట్టి సైటేషన్ లెక్క అబద్ధం చెప్పదు. అయితే అది చెప్పేది ఒక్క మాటే. ఈ పనిముట్టు ఎంతమంది చేతుల్లో తిరిగింది అని. వంటింట్లో రోజూ చేతికొచ్చే గరిటెకీ, ఆ ఇల్లు నిలబెట్టిన దూలానికీ మధ్య తేడా దానికి తెలియదు.

దూలం లాంటి పని కూడా ఆ ఇద్దరూ చేశారు. అదీ ఆ గరిటె పుణ్యమే. ఈ భాగం కొంచెం నింపాదిగా చెబుతాను, ఎందుకంటే నా చదువంతటిలో నాకు బాగా నచ్చిన కథ ఇది.

తమ పద్ధతితో వాళ్ళు కండరంలోని ఫాస్ఫేటు కొలవబోయారు. కండరాన్ని నూరి, మాంసకృత్తులు తీసేసి, తేట ద్రవంలో మాలిబ్డేటు, ఆన్సా కలిపారు. పక్కనున్న మచ్చు నాళికలో నీలం గబుక్కున వచ్చి నిలిచింది. కండరం నాళికలో మాత్రం కొద్దిగా వచ్చి, తరువాత నెమ్మదిగా పెరుగుతూ పోయింది. ఐదు నిమిషాలకి ఒక నీలం, పదిహేను నిమిషాలకి ఇంకాస్త చిక్కని నీలం. ఏ విద్యార్థి అయినా ఇక్కడ ఏం చేస్తాడు? ద్రావణం పాడైందనుకుని పారబోసి మళ్ళీ మొదలుపెడతాడు. నా క్లాసులో ఎన్నోసార్లు చూశాను. వాళ్ళిద్దరూ పారబోయలేదు. తమ పద్ధతి మీద వాళ్ళకి ఎంత నమ్మకమంటే, తప్పు రంగుది కాదు, కండరంలోనే ఏదో ఉంది అనుకున్నారు. ఫాస్ఫేటుని పట్టుకుని ఉన్న పదార్థం ఏదో ఆ ఆమ్లంలో కొంచెం కొంచెంగా విరిగిపోతూ ఫాస్ఫేటుని వదులుతోంది, అందుకే రంగు ఆలస్యంగా పెరుగుతోంది అని గ్రహించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కండరం పని చేస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే మళ్ళీ నిండుతుంది. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా దాని జాడ పట్టుకున్నారు.

అంతవరకూ కండరం బిగుసుకోవడానికి మూలం లాక్టిక్ ఆమ్లమని లోకం నమ్మేది. కండరం మీద చేసిన పనికి హిల్, మయర్‌హాఫ్ అనే ఇద్దరు మహానుభావులకి 1922 నోబెల్ బహుమతి వచ్చింది కూడా. ఆ నమ్మకం కింది పునాది ఈ ఆలస్యపు నీలంతో కదలడం మొదలైంది. రెండేళ్ళ తరువాత, 1929లో, ఫిస్క్, సుబ్బారావు కండరం నుంచి ఇంకో పదార్థాన్ని వేరు చేశారు. అదే ఏటీపీ. మీరు ఈ మాటలు వింటున్నప్పుడు మీ చెవిలో, గుండెలో, కనురెప్పలో ఖర్చవుతున్న శక్తి ఆ ఏటీపీ రూపంలోనే ఖర్చవుతోంది. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఏటీపీ కనుక్కున్నది ఎవరని అడిగితే చాలా పాఠ్యపుస్తకాల్లో లోమాన్ పేరొక్కటే కనబడుతుంది. హార్వర్డ్ వాళ్ళ ప్రకటన సైన్స్ పత్రికలో రెండు పేజీలు దాటదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఏటీపీ గురించి ఈ భూమ్మీద ఏటా ఎన్ని వేల వ్యాసాలు వస్తాయో ఊహించుకోవచ్చు. వాటిలో ఒక్కదాని చివర్లోనైనా 1929 నాటి ఆ రెండు పేజీల ప్రస్తావన ఉంటుందా? దాదాపు ఉండదు. ఒక విషయం మరీ తెలిసిపోయాక ఇక ఎవరు చెప్పారో రాయడం మానేస్తారు. గాలి పీల్చినంత సహజమైపోతుంది. సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ తీరుకి ఒక పేరు కూడా పెట్టాడు. జ్ఞానంలో కలిసిపోయి కనుమరుగవడం అని దాని భావం. అంటే మరీ పెద్ద పనికి సైటేషన్లు తగ్గిపోతాయి. నేను చెబుతున్నది ఎవరినో నిందించడానికి కాదు, ఈ కొలబద్ద స్వభావమే అంత.

ఆ కొలబద్ద ఎప్పుడు పుట్టిందో కూడా చెప్పాలి. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ 1955లో ఆ ఆలోచన చెప్పాడు. వకీళ్ళు ఒక తీర్పును తరువాతి ఏ తీర్పుల్లో ప్రస్తావించారో వెతుక్కోవడానికి వాడే పుస్తకాలు అప్పటికే అక్కడ ఉండేవి. వాటిని చూసి, సైన్సు వ్యాసాలకీ అలాంటి సూచి ఉండాలనుకున్నాడు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ సంపుటాలు వచ్చాయి. అప్పటికి సుబ్బారావు గారు పోయి 16 ఏళ్ళు. 1925 వ్యాసానికి 39 ఏళ్ళు. మామూలుగా ఒక వైద్య పరిశోధన వ్యాసం మొదటి కొన్నేళ్ళలో కాస్త వెలిగి, తరువాత మరుగున పడుతుంది. ఇది నలభై ఏళ్ళకి కూడా చేతులు మారుతూనే ఉంది.

ఆ అచ్చు సంపుటాలు గుమ్మడికాయంత బరువు, చీమ తలకాయంత అక్షరాలు. మా తరంవాళ్ళు గ్రంథాలయంలో నిలబడి, వేలు పెట్టి వరసలు చూసుకునేవాళ్ళం. వాటిలో పాత వ్యాసాలు మొదటి రచయిత పేరు కింద మాత్రమే ఉండేవి. రెండో పేరుకి చోటు లేదు. అంటే సుబ్బారావు గారి పనిని ఎవరెంత వాడుకున్నారో చూడాలంటే ఆయన పేరు కింద కాదు, ఫిస్క్ పేరు కింద వెతకాలి. తెలిసినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకో చిక్కు మన పేర్లది. మనకి ఇంటిపేరు ముందు, మనిషి పేరు తరువాత. వాళ్ళకి మనిషి పేరు ముందు, వంశం పేరు తరువాత. చివర ఉన్నదే వంశం పేరనుకుని వాళ్ళు సుబ్బారావుని ఇంటిపేరు చేసేశారు. తరాల నుంచి వస్తున్న యల్లాప్రగడ ఒక్క 'వై' అక్షరమై కూర్చుంది. ఈ తిప్పలు ఇప్పటికీ తెలుగు పరిశోధకులకి తప్పలేదు. రావు, రెడ్డి, కుమార్ అనే పేర్ల కింద వేలమంది పని కలిసిపోతుంది. ఒకరి వ్యాసాలు ఇంకొకరి ఖాతాలో పడతాయి. అందుకే 2012 నుంచి పరిశోధకులకి ఆర్కిడ్ అని 16 అంకెల సంఖ్య ఇస్తున్నారు. మనిషిని పేరుతో గుర్తుపట్టలేక అంకెతో గుర్తుపట్టాల్సి వచ్చింది.

తరువాత 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ అనే కొత్త కొలత చెప్పాడు. ఒకాయన హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం ఇరవైసార్లు చొప్పున ప్రస్తావనకొచ్చిన వ్యాసాలు ఆయనకి ఇరవై ఉన్నాయని. తీరుగా, క్రమంగా పనిచేసేవాళ్ళని పట్టుకోవడానికి మంచి కొలతే. కాని దానిలో ఒక వ్యాసం ఎంత గొప్పదైనా ఒకటిగానే లెక్క. వేలసార్లు ప్రస్తావించినా 1925 వ్యాసం హెచ్-ఇండెక్స్‌కి ఒక్కటంటే ఒక్కటే కలుపుతుంది. ఇవాళ ఆయన మా కళాశాలలో పదోన్నతికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కాగితం మీద ఆ నీలం రంగంతా ఒకటి అనే అంకె.

పదోన్నతి మాట ఊరికే అనలేదు. 1930లో డాక్టరేటు వచ్చాక మరో పదేళ్ళు ఆయన హార్వర్డ్‌లోనే ఉన్నారు. శాశ్వతమైన కొలువు రాలేదు. అదే శాఖలో ఆ రోజుల్లో జార్జ్ హిచింగ్స్ అనే యువకుడు పరిశోధన చేసేవాడు. 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నది ఆయనే. సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాల్ని ఏళ్ళ తరువాత వేరేవాళ్ళు మళ్ళీ మొదటినుంచి కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్క్ అసూయ కొద్దీ ఆ పనిని వెలుగులోకి రానివ్వలేదని హిచింగ్స్ తరువాత చెప్పాడు. ఫిస్క్ మనసులో ఏముందో తీర్పు చెప్పడానికి నేను చాలను. కాని అచ్చుకాని పనికి సైటేషన్ అనే మాటే లేదు. లెక్క మొదలయ్యేది అచ్చు తరువాత. అంతకుముందు సొరుగులో ఆగిపోయింది ఏ సూచీకీ అందదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకి వెళ్ళిపోయారు. ఆ తరువాతి ఎనిమిదేళ్ళలో జరిగిన పని చూస్తే ఒక మనిషి జీవితంలో ఇంత పట్టిందా అనిపిస్తుంది. అక్కడ ఆయన పరిశోధన విభాగానికి అధిపతి. ఏ దారిన వెళ్ళాలి, ఎవరికి ఏ పని, ఏ పదార్థం వదలకూడదు అన్నది ఆయన చూసేవారు. అచ్చులో మాత్రం ఆయన పేరు క్రమంగా వెనక్కి జరగడం కనబడుతుంది.

ఫోలిక్ ఆమ్లం చూడండి. గర్భిణులకి ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది. దాని నిర్మాణం తేల్చి కృత్రిమంగా తయారుచేసిన సంగతి 1946లో సైన్స్ పత్రికలో వచ్చింది. 16 మంది రచయితలు. రెండు ప్రయోగశాలలవాళ్ళు, ఎవరి వరస వాళ్ళది, అక్షరక్రమంలో. అందులో సుబ్బారావు గారిది ఏడో పేరు. ప్రస్తావించేవాళ్ళు 'ఆంజియర్, ఇతరులు' అని రాస్తారు. ఆ ఇతరుల్లో ఒకరు మన అధిపతి గారు. ఆయన ఇద్దరు అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూ జబ్బు ఆ ఫోలిక్ ఆమ్లంతో నయమవుతుందని తేలింది. ఆ వ్యాసం చేతపట్టుకుని ఏడో పేరు దగ్గర ఆయన ఏమనుకున్నారో నాకు ఊహకి అందదు. నేను మాత్రం ఆ పేజీ చూసిన ప్రతిసారీ కాసేపు ఆగిపోతాను.

బోదకాలు మందు డీఈసీ. 1947లో దాని మీద వచ్చిన వ్యాసాల్లో ఒకదానికి ఆరుగురు రచయితలు, ఆయనది చివరి పేరు. ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, 1948లో వచ్చింది. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి తీశారు. దాని మీద వ్యాసం బెంజమిన్ డగ్గర్ ఒక్కడి పేరుతో వచ్చింది. ఆయన మరో విశ్వవిద్యాలయంలో ఉద్యోగ విరమణ చేసి, డెబ్బై దాటాక లెడర్లీకి వచ్చిన వృక్షశాస్త్రవేత్త. వయసు మళ్ళిందని పక్కన పెట్టకుండా అంతటి పని చేయనిచ్చిన చోటు అది.

ఇక పిల్లల రక్త క్యాన్సరు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని స్థానంలో కూర్చుని కణాన్ని మోసపుచ్చే పదార్థాలు లెడర్లీలో తయారయ్యాయి. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియాతో చావుకి దగ్గరైన పిల్లలకిచ్చాడు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. కొంతకాలమే. అయినా ఒక మందుతో లుకేమియా వెనక్కి తగ్గడం అంతకుముందు ఆ వైద్యులు ఎరగరు. క్యాన్సరుకి మందుల చికిత్స అనే దారిలో ఇది మొదటి మైలురాళ్ళలో ఒకటి. ఆ వ్యాసానికి ఐదుగురు రచయితలు. అక్కడ సుబ్బారావు గారి పేరు రచయితల్లో లేదు. అమినోప్టెరిన్ వెనకే వచ్చిన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ లుకేమియాకీ, కీళ్ళవాతానికీ రాస్తున్నారు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో వారానికొకసారి ఆ మాత్ర వేసుకునేవాళ్ళు ఉండే ఉంటారు.

ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు తన గదిలో నిద్రలోనే పోయి కనిపించారు. 53 ఏళ్ళు. ఇల్లు విడిచి వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ దేశం రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆయన మీద గౌరవంతో 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసీస్ అని పేరు పెట్టారు. మన తపాలాశాఖ 1995లో బిళ్ళ వేసింది.

రెండో పేరు, ఏడో పేరు, చివరి పేరు, లేని పేరు. ఈ వరసని క్లాసులో చెప్పిన ప్రతిసారీ నా గుండెలో ఒక ముల్లు గుచ్చుకునేది. అదేమిటో కూడా చెప్పాలి. మా ప్రయోగశాలలో ఒక టెక్నీషియన్ ఉండేవారు. కలరీమీటరు ఆయన చేతిలో మాట వినేది. ఒకసారి నా నమూనాల్లో లెక్కలు పొంతన లేకుండా వస్తుంటే, నాలుగు రోజులు తల పట్టుకున్నాను. ఆయన వచ్చి నాళికలు వాసన చూసి, "మేడమ్, ఇవి సబ్బు పొడితో కడిగారు. అందులో ఫాస్ఫేటు ఉంటుందండీ, ఎంత కడిగినా గాజుని వదలదు. ఆమ్లంలో నానబెట్టి కడగాలండీ" అన్నారు. ఆయన చెప్పినట్టు కడిగి మళ్ళీ చేస్తే లెక్కలు కుదిరాయి. ఆ పని వ్యాసంగా అచ్చయింది. నా పేరు మొదటిది. ఆయన పేరు ఎక్కడా లేదు, చివరి కృతజ్ఞతల వాక్యంలో కూడా. అప్పట్లో పెట్టాలని తోచలేదు. తోచేటప్పటికి ఆయన లేరు. ఆ వ్యాసానికి వచ్చిన సైటేషన్లలో ఆయన వాటా ఎంతో ఏ సూచీ చెప్పదు.

అందుకని సైటేషన్లు లెక్కపెట్టడం మానేయాలని నేననను. ఆ లెక్క లేకపోతే, పెద్దల ప్రాపకం లేని ఒక మూల కళాశాల పిల్లవాడి మంచి పని ఎవరి కంటా పడకపోవచ్చు. లెక్క చూడండి, కాని ఆ అంకె దగ్గర ఆగిపోకండి. ఎంపిక సంఘంలో కూర్చున్నవారు అభ్యర్థి రాసిన రెండు వ్యాసాలైనా తెరిచి చదవాలి. రంగు ఆలస్యంగా వచ్చినప్పుడు అతను నాళిక పారబోశాడా, ఆగి చూశాడా అన్నది ఆ పేజీల్లోనే తెలుస్తుంది. పత్రికల్లో జాబితా వార్త రాసే మిత్రులకీ నాదొక మనవి. ర్యాంకు పక్కన ఒక్క వాక్యం, ఆయన ఏం కనుక్కున్నారో రాయండి. చదివే పిల్లలకి కావలసింది అదే.

ఆ నీలం రంగు పద్ధతి కూడా ఇప్పుడు వెనకబడింది. 1959లో బార్ట్‌లెట్ అనే ఆయన, కణపు పొరల్లోని కొవ్వు పదార్థాల్లో ఉన్న ఫాస్ఫరస్‌కి అనువుగా దాన్ని మార్చి రాశాడు. దాంతో చాలామంది బార్ట్‌లెట్‌నే ప్రస్తావించడం మొదలుపెట్టారు. ఇవాళ ఆసుపత్రుల్లోని ఆటో ఎనలైజర్లు చాలావరకు నీలం రాకముందే, కంటికి కనబడని అతినీలలోహిత కాంతిలోనే ఫాస్ఫరస్‌ని చదివేస్తాయి. ఉద్దానంలో కిడ్నీ పాడై డయాలిసిస్‌కి వెళ్ళేవాళ్ళకి రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో చూస్తారు. చీటీ మీద అంకె వస్తుంది. అది ఏ పద్ధతో రోగికి తెలియదు, తెలియనక్కర్లేదు కూడా.

ఉద్యోగ విరమణ తరువాత మా ఊళ్ళో ఉండగా బోదకాలు నివారణ మాత్రలు పంచే రోజు వచ్చింది. వీధిలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతోంది. మా గుమ్మంలో కూర్చుని వివరాలు అడిగింది. రెండేళ్ళ లోపు పిల్లలున్నారా, గర్భిణులెవరైనా ఉన్నారా, అన్నం తిన్నారా అని. పెద్దవాళ్ళకి డీఈసీ మాత్రలు మూడు, దానితో నులిపురుగుల మాత్ర ఒకటి. మా మనవడికి రెండే. "నా ఎదుటే వేసుకోవాలండీ, తరువాత వేసుకుంటామంటే కుదరదండీ" అంది. నీళ్ళు తెచ్చుకున్నాం. చిన్న తెల్లటి మాత్రలు. నా అరచేతిలో పెట్టుకుని ఒక్క క్షణం చూశాను. "చేదుగా ఉండవండీ అమ్మా, మింగెయ్యండి" అంది ఆ అమ్మాయి, నేను భయపడుతున్నానేమో అనుకుని.

మింగాను. ఆమె నా వేలి మీద సిరాతో గుర్తు పెట్టి, రిజిస్టరులో నా పేరు, వయసు రాసుకుని పక్కింటికి వెళ్ళింది.